రెండిళ్ళ తొమ్మిది నెలలు

ఇక్కడ ఇంతవరకు పండగలు, పెళ్ళిళ్ళు, అవ్వ వంటలు, తాత మిల్లు కబుర్లు రాస్తూ వచ్చాను. ఈసారి దుడ్ల లెక్క రాస్తున్నాను. పోయినేడు మా పీళమేడు ఇల్లు అమ్మిన సంగతి తెలిసి మనవాళ్ళు చాలామంది ఫోను చేశారు. సగం మంది "అయ్యో, తాత కట్టిన ఇల్లు కదా" అన్నారు. తక్కినవాళ్ళు కొంచెం గొంతు తగ్గించి, "అది అమ్మకముందే కొత్తిల్లు ఎట్ల కొన్నావు? దుడ్లు యాడివి?" అని అడిగారు. ఒక్కొక్కరికీ చెప్పేకంటే ఒకసారి రాసిపెడితే మేలనిపించింది. చేసిన తప్పులు కూడా రాస్తున్నాను.

పాతింటి సంగతి తెలియని పిల్లల కోసం రెండు మాటలు. తాత పత్తి మిల్లులో పనికి కుదిరి, ఊరినుంచి కోయంబత్తూరు వచ్చి, పీళమేడులో నాలుగున్నర సెంట్ల జాగా కొన్నాడు. మొదట పూరి గుడిసె. 1958లో పెంకుటిల్లు కట్టినప్పుడు ఆ గుడిసె విప్పలేదు. దాని చుట్టూ గోడలు లేపి, పైన పెంకులు కప్పి, అంతా అయినాక లోపలి గుడిసె విప్పి తాటాకులు బయట పడేశాడంట. "ఒక్క రాత్రి కూడా కప్పు లేకుండా పండుకోలేదు మేము" అని అవ్వ చెప్పేది. చిట్టీ ఎత్తిన దుడ్లతో గోడలు, ఇంకో చిట్టీ ఎత్తేదాకా ఆగి కప్పు. అట్ల మూడేండ్లు పట్టింది.

అంత ఇష్టమైన ఇల్లు ఎందుకు వదిలినామంటే, సందు. ఏడడుగుల సందు. 2016లో నైనకు రాత్రి గుండెనొప్పి వచ్చినప్పుడు 108 బండి సందు మొదట్లోనే ఆగిపోయింది. నలుగురం కుర్చీలో కూర్చోబెట్టి మోసుకుపోయినాం. ఆస్పత్రి చేరేసరికి ఆలస్యమైపోయింది. బండి వాకిట్లోకి వచ్చుంటే బతికేవాడా అన్నది ఎవరూ చెప్పలేరు. కానీ 2023లో అమ్మకు స్టెంటు వేసినాక, రాత్రిళ్ళు ఆమె దగ్గితే చాలు, నాకు ఆ సందే కళ్ళముందు కనపడేది.

ఇల్లు మారదామంటే అమ్మ ఒప్పుకుంది. కానీ ఒక షరతు పెట్టింది. "బాడుగింటికి మాత్రం రాను నాయనా. ఈ వాకిలి దాటితే మన వాకిట్లోకే పోవాల." ఎంత నచ్చజెప్పినా దిగలేదు. ఇల్లు అమ్మి, నాలుగు నెలలు బాడుగకుండి, చేతిలో దుడ్లు పెట్టుకొని నిదానంగా వెతుక్కునే సులభమైన దారి అక్కడితో మూసుకుపోయింది. ముందు కొనాలి, తర్వాత అమ్మాలి.

2024 జూన్‌లో సింగానల్లూరు వైపు ఒక పాత ఇల్లు దొరికింది. కారు వాకిట్లోకొచ్చి నిలిచే వీధి, మెట్లు లేవు, రెండు పడకగదులు. ధర 64 లక్షలు. నచ్చిన సంబరంలో ఆ వారమే 2 లక్షలు అడ్వాన్సు ఇచ్చేశాను. రెండు నెలల్లో రిజిస్ట్రేషన్ అని రాసుకున్నాం. గడువు దాటితే అడ్వాన్సు పోతుంది.

ఇప్పుడు లెక్క. తమిళనాడులో ఇట్లాంటి ఇంటికి స్టాంపు డ్యూటీ 7 శాతం, రిజిస్ట్రేషన్ ఫీజు 2 శాతం. అంటే 64 లక్షల మీద ఇంకో 5 లక్షల 76 వేలు. చాలామంది మరిచిపోయేది ఇదే. ఈ ఖర్చుకు బ్యాంకు అప్పు రాదు. 10 లక్షల లోపు ఇళ్ళకు తప్ప స్టాంపు ఖర్చును ఇంటి విలువలో కలపకూడదని రిజర్వ్ బ్యాంకు నియమం. గృహరుణం కూడా 30 లక్షలు దాటి 75 లక్షల లోపైతే, ఇంటి విలువలో 80 శాతానికి మించి ఇవ్వరు. "బ్యాంకు 80 ఇస్తుంది, నేను 20 పెడితే చాలు" అనుకుంటే పొరపాటు. 20తోబాటు ఇంకో 9 మన చేతిలోవే ఉండాలి.

మొదట అడిగిన బ్యాంకులో ఒక అధికారి ఉత్సాహంగా బ్రిడ్జి లోను సంగతి చెప్పాడు. పాతిల్లు అమ్ముడుపోయేదాకా వంతెన మాదిరి ఇచ్చే అప్పు అది. గడువు తక్కువ, వడ్డీ మామూలు గృహరుణం కంటే ఎక్కువ, పాతిల్లు అమ్మగానే ఒక్కసారిగా కట్టేయాలి. మా కోసమే పుట్టినట్టుంది అనుకున్నాను. కాగితాలన్నీ ఇచ్చాను. నెల తిప్పి, రిజిస్ట్రేషన్‌కు ఇంక మూడు వారాలుందనగా కుదరదన్నారు. కారణం విన్నాక వాళ్ళది తప్పనలేకపోయాను. చెప్పేదేదో మొదటి వారంలో చెప్పుంటే బాగుండేది, అంతే. బ్రిడ్జి లోనుకు పాతిల్లు కూడా తాకట్టు పెట్టాలి. ఆ ఇంటి పట్టా ఇంకా తాత పేరు మీదే ఉంది. 1984లో తాత మా నైనకు సెటిల్మెంటు పత్రం రాసిచ్చాడు, రిజిస్టరు కూడా అయింది. కానీ పట్టాలో పేరు ఎవరూ మార్చలేదు. నైన విల్లు రాయకుండా పోయాడు కాబట్టి చట్టప్రకారం ఆ ఇల్లు అమ్మకు, అక్కకు, నాకు సమానంగా మూడు భాగాలు. తాకట్టుకు ముగ్గురూ సంతకం పెట్టాలి.

ఇక్కడే నా పెద్ద తప్పు. అక్కకు నేను అప్పటిదాకా చెప్పనే లేదు.

అక్క చిత్తూరులో ఉంటుంది. అన్నీ కుదిరినాక శుభవార్తగా చెబుదామనుకున్నాను. బ్యాంకు సంతకం అడగబట్టి ఫోను చేయాల్సొచ్చింది. అంతా విని కాసేపు ఊరుకుంది. తర్వాత, "అమ్మేది ముగ్గురం, కొనేది మాత్రం నీ ఒక్కడివారా?" అంది. కోపంగా అనలేదు, అందుకే ఇంకా గట్టిగా తగిలింది. "నా భాగం ఇవ్వవని కాదు తమ్ముడూ. నైన ఇల్లు తాకట్టుకు పోతుందని నేను ఒక బ్యాంకు కాగితం వల్ల తెలుసుకోవాలా?" నా దగ్గర జవాబు లేదు. ఆ ఆదివారమే బస్సెక్కి చిత్తూరు పోయాను. బావ ముందర, లెక్కలు రాసిన నోటుపుస్తకం తెరిచి అంతా చూపించాను. అక్క రెండు మాటలు అడిగింది. అమ్మేదాకా పాతింటి మీద ఏ అప్పూ తేకూడదు. తన భాగం రిజిస్ట్రేషన్ రోజే, తన పేరుతో విడి డి.డి.గా రావాలి. సరే అన్నాను. నిజం చెప్పాలంటే, బ్యాంకు కాదనడంకంటే అక్క ఈ షరతు పెట్టడమే నన్ను కాపాడింది. ఎట్లంటే ముందుకు చెబుతాను.

ఇంక మూడు వారాలు. జీతం జమ అయ్యే బ్యాంకుకే పోయి, పాతింటి మాటెత్తకుండా, నా జీతం మీద, కొత్తింటి తాకట్టు మీద మామూలు గృహరుణం అడిగాను. 48 లక్షలు, ఇరవై ఏండ్లు, 8.75 శాతం మారే వడ్డీ. నెలకు 42 వేల 400 చిల్లర. నా చేతికొచ్చే జీతంలో దాదాపు సగం. మారే వడ్డీకి ఒక మేలుంది. మన సొంత ఇంటి అప్పును గడువుకు ముందే తీర్చేసినా దండుగ వేయకూడదు. పాతిల్లు అమ్మి ఒక్కసారి కట్టేద్దామనుకునేవాళ్ళకు ఇదే బ్రిడ్జి లోను మాదిరి పనికొస్తుంది. మొదట్లోనే ఇది తెలిసుంటే ఒక నెల మిగిలేది.

అప్పు పోగా, చేతి నుంచి 21 లక్షల 76 వేలు కావాలి. దాచుకున్నవి 9 లక్షలు, అడ్వాన్సు అందులోదే. పి.ఎఫ్. నుంచి ఇంటికోసమని తీసుకున్నవి 6 లక్షలు. అమ్మ ఫిక్సెడ్ డిపాజిట్టు లక్షా 76 వేలు. మిగిలిన 5 లక్షలకు నా భార్య బీరువా తెరిచి నగలు తీసిచ్చింది. తాకట్టు అంగడిలో కాదు, బ్యాంకులో, 9 శాతానికి. ఇచ్చేటప్పుడు ఒక్క మాటే అంది: "పాపకు ఏడాదిన్నరలో పెండ్లి సంబంధాలు చూడాల. అప్పటికి ఇవి ఇంట్లో ఉండాల."

ఇంకా రెండు దారులు కనపడ్డాయి. నూలు వ్యాపారం చేసే ఒకాయన నూటికి రెండు వడ్డీకి ఎంత కావాలన్నా ఇస్తానన్నాడు. నెలకు రెండు అంటే ఏడాదికి 24 శాతం. ఇంకొకరు పాతిల్లు భోగ్యానికి అడిగారు. 8 లక్షలు ఇస్తారు, బాడుగ లేకుండా మూడేండ్లు ఉంటారు, పోయేటప్పుడు దుడ్లు వాపసు ఇవ్వాలి. అవసరంలో ఉన్నవాడికి ఇది దేవుడిచ్చిన వరం మాదిరి కనపడుతుంది. కానీ లోపల మనుషులున్న ఇల్లు ఎవరు కొంటారు? అక్కకిచ్చిన మాట గుర్తుండబట్టి ఊరుకున్నాను. లేకుంటే ఆశపడేవాణ్ణే.

ఆడి నెల పోయి ఆవణి వచ్చాక, 2024 ఆగస్టు 22న, అమ్మ పేరు, నా పేరు కలిపి రిజిస్టరు చేయించాం. పేర్లు కలపడం ప్రేమకోసం మాత్రమే కాదు. ఆడిటరు చెప్పాడు. పాతిల్లు అమ్మితే వచ్చే లాభం మీద పన్ను ముగ్గురికీ విడివిడిగా పడుతుంది. అప్పట్లో అమల్లో ఉన్న ఆదాయ పన్ను చట్టం 54వ సెక్షను ప్రకారం, అమ్మినవాళ్ళ పేరుతో ఇంకో ఇల్లు కొంటే ఆ పన్ను తప్పేది. కొనడం అమ్మకం తర్వాత రెండేండ్లలోపు కావచ్చు, అమ్మకానికి ముందు ఒక ఏడాదిలోపూ కావచ్చు. ఆ 'ముందు ఒక ఏడాది' అన్నది మాకు ప్రాణమైంది. అంటే 2025 ఆగస్టు 21లోపు పాతిల్లు రిజిస్టరు అయిపోవాలి. దాటితే ఒక్కొక్కరికి సుమారు 3 లక్షల పన్ను. కొత్తింటిని మూడేండ్లలోపు అమ్మినా మినహాయింపు నిలవదు.

పాలు పొంగించి కొత్తింట్లోకి వచ్చాం. పాతింటికి తాళం వేసి, వెల చెప్పాం. సెంటు 20 లక్షలు, మొత్తం 90. చుట్టూ కాలేజీలున్న చోటు కాబట్టి చూడవచ్చిన వాళ్ళంతా హాస్టలు కట్టే ఆలోచనలో ఉన్నవాళ్ళే. తాత వేసిన టేకు దూలాలను ఎవరూ తలెత్తి చూడలేదు. కింద చూసి సెంట్లు లెక్కపెట్టుకున్నారు. అది అర్థం చేసుకోవడానికి నాకు రెండు నెలలు పట్టింది.

నవంబరులో ఒకరు 70 లక్షలన్నారు. "రేపే రిజిస్ట్రేషన్, మొత్తం ఒక్క చెక్కులో." మేము కొత్తిల్లు కొనేశామని దళారి ఆయనకు చెప్పేశాడు. రెండిళ్ళ భారం మోస్తున్నవాడు ఎంతకైనా దిగుతాడని ఆయన నమ్మకం. ఆ రాత్రి నిద్రపట్టలేదు. నోటుపుస్తకం తీసి ఒక్కటే లెక్క వేశాను. ఇంకొక నెల ఆగితే నాకు నిజంగా పడే నష్టమెంత? గృహరుణం వడ్డీ సుమారు 34,800, నగల వడ్డీ 3,750. దాదాపు 38 వేల 500. తక్కిన కంతు అసలులోకి పోతుంది, అది నష్టం కాదు. ఆరు నెలలు ఆగినా 2 లక్షల 31 వేలు. సెంటుకు ఒక లక్ష ఎక్కువ పలికినా నాలుగున్నర లక్షలు. ఆగడమే లాభం. కానీ ఆ లెక్క సరిపోయింది నెలనెలా కంతు కట్టడానికి జీతం ఉండబట్టి. నూటికి రెండు వడ్డీకి 20 లక్షలు తెచ్చుంటే నెలకు వడ్డీయే 40 వేలు అదనంగా పోయేది. అప్పుడు 70కే తల ఊపేవాణ్ణి. భోగ్యానికి ఇచ్చుంటే ఆయన అడిగేవాడే కాదు.

కాదని చెప్పి పంపించాను. మార్గళి వచ్చింది, ఒక్కరూ రాలేదు. మార్గళిలో మన పక్క ఎవరూ ఇల్లు కొనరని తెలిసీ, రోజూ ఫోను చూసుకునేవాణ్ణి. ఆ నెలల్లోనే తిరిగి తిరిగి వారసు సర్టిఫికెట్టు, విల్లంగ సర్టిఫికెట్టు, పట్టా పేరు మార్పు, కార్పొరేషను పన్ను పేరు మార్పు అన్నీ ముగించాను. ఐదు నెలలు పట్టింది. ఈ పని అడ్వాన్సు ఇచ్చే ముందే చేసుంటే నవంబరులోనే మంచి బేరం వచ్చేదేమో.

ఇంట్లో మాత్రం బిగుతుగా గడిచింది. చిన్నోడి ట్యూషను ఒకటి మానిపించాం. దీపావళికి పిల్లలకు మాత్రమే బట్టలు. నా భార్య ఒక పెండ్లికి మెడలో సన్నటి గొలుసొక్కటి వేసుకుపోయి, అడిగినవాళ్ళకు "లాకర్లో ఉన్నాయి" అని చెప్పింది. అది వినడం నాకు 42 వేల కంతుకంటే బరువైంది.

అమ్మ ఏం చేసేదో నాకు చాలా రోజులు తెలియదు. నేను పనికి పోయినాక, ఆడవాళ్ళకు టికెట్టు లేని టౌను బస్సెక్కి పాతింటికి పోయేది. వారానికి మూడు రోజులు. వాకిలి ఊడ్చి, నీళ్ళు చల్లి, ముగ్గేసి, కాసేపు తిన్నెమీద కూర్చొని వచ్చేది. తెలిసి కోప్పడ్డాను. "ముగ్గులేని ఇంటికి పాడు ధర పలుకుతుంది నాయనా" అంది. వాళ్ళు ఇంటిని పడగొట్టేవాళ్ళే అమ్మా, ముగ్గెవరు చూస్తారు అన్నాను. "ఇంట్లో మనుషులకు ఆత్రం లేదని చూస్తారు" అంది. బేరం గురించి నేను పుస్తకంలో వేసిన లెక్క ఆమె ముగ్గుతో వేసింది.

పొంగలి పోయినాక ముగ్గురు వచ్చారు. ఫిబ్రవరిలో రిజర్వ్ బ్యాంకు రెపో రేటు 6.5 నుంచి 6.25కు తగ్గించింది, అప్పు తీసుకొని కొనేవాళ్ళకు కొంచెం ధైర్యం వచ్చింది. మార్చిలో 81 లక్షలకు మాట కుదిరింది. సెంటు 18 లక్షలు. కాగితాలన్నీ సిద్ధంగా ఉండబట్టి వాళ్ళ బ్యాంకు అడ్డం చెప్పలేదు. మే రెండో వారంలో రిజిస్ట్రేషన్. అక్క, బావ ముందురోజే వచ్చారు. కొన్నవాళ్ళు చట్టప్రకారం ఒక శాతం, 81 వేలు, పన్ను పట్టుకొని, మా ముగ్గురి పేర్లతో మూడు డి.డి.లు ఇచ్చారు. అక్క తనది మడిచి సంచిలో పెట్టుకొని, నా చేయి పట్టుకుంది. ఇద్దరం ఏం మాట్లాడలేదు. ఆమె ఇల్లు కొనలేదు కాబట్టి, లాభం మేరకు ఆర్నెల్లలోపు ఆర్.ఇ.సి. బాండ్లు కొనింది. ఐదేండ్లు కదిలించకూడదు, వాటితో పన్ను తప్పింది.

ఆ వారమే నగలు విడిపించాను. గృహరుణంలో 40 లక్షలు కట్టేశాం, ఇంక 7 లక్షల చిల్లర ఉంది. అమ్మ పేరుతో 7 లక్షలు డిపాజిట్టు వేశాం. తొమ్మిది నెలలకు వడ్డీగా పోయింది మొత్తం మూడున్నర లక్షల దగ్గర. అమ్మ ఒక్క రాత్రి కూడా బాడుగింట్లో ఉండకపోవడానికి మేమిచ్చిన వెల అది. ఎక్కువని నాకు ఈరోజుకూ అనిపించలేదు.

మనవాళ్ళు ఎవరైనా ఇట్ల చేయాలనుకుంటే నా మాట ఇది. మొదట పాతింటి కాగితాలు సరిచేయండి, పట్టా తాతల పేరుమీద ఉందేమో చూడండి. రెండోది, భాగముండే అక్కచెల్లెళ్ళకు, అన్నదమ్ములకు అడ్వాన్సు ఇచ్చే ముందే చెప్పండి. మూడోది, అమ్మకం ఏడాది ఆలస్యమైతే రెండిళ్ళూ జీతంతో మోయగలరా అని లెక్క వేయండి. మోయలేకపోతే కొనొద్దు. నాలుగోది, కొనేశామని దళారికి చెప్పొద్దు. పన్ను సంగతులు మేము అమ్మిన నాటివి, ఏటా మారుతుంటాయి. మీ ఆడిటరును అడగండి.

రిజిస్ట్రేషన్ అయినాక తాళంచెవులు ఇవ్వడానికి అందరం పాతింటికి పోయినాం. అమ్మ ఆ పొద్దున కూడా ముగ్గు వేసుంది. కొన్నాయన దాన్ని తొక్కకుండా పక్కనుంచి లోపలికి పోయాడు. అవ్వ రోలు ఒక్కటి ఆటోలో ఎక్కించుకొని వచ్చాం. సందులోకి ఆటో కూడా రాదు కదా, బావ, నేను ఆ రోలును కాళ్ళు వంచి మొదటిదాకా మోసుకొచ్చాం. నైనను మోసిన దారే. ఇప్పుడది సింగానల్లూరులో వెనక వాకిట్లో ఉంది. వాకిటి ముందు వీధి ముప్పై అడుగులు.